లోకానికి స్నేహితుడు – భాగ్యరెడ్డి వర్మ



ఈ నెల గొప్పవారి జీవితం రాసే వంతు నాది. ఎక్కువమంది గాంధీ గారి గురించో, నెహ్రూ గారి గురించో రాస్తారు. నేను భాగ్యరెడ్డి వర్మ గారి గురించి రాస్తున్నాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మొన్న మమ్మల్ని హైదరాబాద్ విహారయాత్రకు తీసుకుపోయారు కదా. పాతబస్తీలో చార్మినార్ చూశాం. లాడ్‌బజారులో గాజులు కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. మా ఆరుగురి దగ్గర కలిపి ఎక్కువ పైసలు లేవు. గాజులు వద్దనుకుని వేయించిన పల్లీలు కొనుక్కున్నాం. నీడలో కూర్చుని ఒకే పొట్లంలో చేతులు పెట్టి తిన్నాం. ఆ రోజంతా మాకు అదే బాగుంది.

అక్కడే కూర్చున్న ఒకామె మీది ఏ ఊరు, మీరు ఏం తింటారు అని అడిగింది. మేం అడవి ఊళ్ల పిల్లలమని చెప్పాం. ఆమె కొంచెం దూరం జరిగి కూర్చుంది. ఏమీ అనలేదు. కానీ నాకు పల్లీలు గొంతు దిగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మా బస్సు చాదర్‌ఘాట్ వంతెన మీద మూసీ దాటింది. అప్పుడు మా సాంఘికశాస్త్రం సార్ లేచి నిలబడి, ఈ పక్కనే ఇసామియా బజార్ ఉందని, అక్కడ ఒక పెద్దాయన మనలాంటి పిల్లల కోసం బడి పెట్టాడని చెప్పారు. ఆయనే భాగ్యరెడ్డి వర్మ. వచ్చాక లైబ్రరీలో ఆయన గురించి చదివాను.

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో పుట్టాడు. ఇంటిపేరు మాదరి. చిన్నప్పటి పేరు భాగయ్య. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన మాల కులంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి చనిపోతే తల్లి కష్టపడి పిల్లల్ని సాకింది. భాగయ్య ఒక బారిస్టరు గారి ఇంట్లో పనికి కుదిరాడు. ఆయన పేరు డోస్ శాంటోస్. ఆయన భాగయ్యను పనివాడిలా కాకుండా ఇంటి పిల్లవాడిలా చూసి, చదువుకోమన్నాడు. అక్కడ ఆయనకు లోకజ్ఞానం వచ్చింది. వాళ్ల కుటుంబ గురువు భాగయ్యను భాగ్యరెడ్డి అన్నాడు. 1913లో ఆర్యసమాజం వాళ్లు వర్మ అనే బిరుదు ఇచ్చారు.

1906లో ఆయనకు పద్దెనిమిదేళ్లు. ఆ ఏడు జగన్ మిత్ర మండలి అనే సంఘం పెట్టాడు. జగన్ మిత్ర అంటే లోకానికి స్నేహితుడు. నాకు ఇది చాలా నచ్చింది. లోకం తనను ముట్టుకోవద్దంటే, ఆయన లోకానికి నేను స్నేహితుణ్ణి అని పేరు పెట్టుకున్నాడు. ఆ ఒకామె దూరం జరిగినప్పుడు నాకు కోపం వచ్చింది కానీ ఈ ఆలోచన రాలేదు.

మండలి వాళ్లు హరికథలు చెప్పించేవాళ్లు. చదువు రానివాళ్లకు కథ వింటే మంచి ఎక్కుతుంది కదా. వినడానికి డబ్బులు అక్కరలేదు. పగలంతా పని చేసినవాళ్లు రాత్రి ఒకచోట కూర్చుని పాట, కథ విని, నవ్వి, ఆలోచించి ఇళ్లకు పోవాలని ఆయన కోరిక. 1911లో ఈ మండలి పేరు మాన్య సంఘంగా మారింది. తర్వాత ఆది-హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది.

ఆయన అందరికీ చెప్పినవి ముఖ్యంగా ఇవి. కల్లు, సారా మానాలి. పెళ్లిళ్లలో, పండగల్లో మాంసం, తాగుడు పెట్టి అప్పులపాలు కాకూడదు. దేవుడి పేరుతో మూగజీవాలను బలి ఇవ్వకూడదు. ఆడపిల్లల్ని జోగినులుగా వదలకూడదు. హైదరాబాద్‌లో జీవరక్ష జ్ఞాన ప్రచారక మండలి అని ఒక సంఘం ఉండేది. జంతువుల మీద దయ చూపాలని, శాకాహారం తినాలని అది ప్రచారం చేసేది. వర్మ గారు ఆ సంఘంలో కూడా పని చేశాడు.

ఇక్కడ ఒక సంగతి నాకు మింగుడు పడలేదు. మా ఊళ్లో పండగంటే కోడి కొయ్యకుండా జరగదు. అది మా తాతల నాటి ఆచారం. మరి మాంసం తినేవాళ్లం తక్కువవాళ్లమా? వర్మ గారు మనల్ని కూడా దూరం జరగమంటున్నాడా? రెండు రోజులు ఇదే ఆలోచించాను.

తర్వాత ఇంకొంచెం చదివాక అర్థమైంది. ముందు మాంసం మానండి, తర్వాత మీరు మనుషులవుతారు అని ఆయన చెప్పలేదు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ జరిగితే ఆయన అధ్యక్షుడు. పంచములు అనే పేరే తప్పు, వీళ్లు ఈ నేలకు మొదటివాళ్లు అని అక్కడ చెప్పాడు. అందుకని ఆ సభ పేరు ఆది-ఆంధ్ర సభ అయింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో తన వాళ్లను ఆది-హిందువులుగా రాయించాడు. ఆది అంటే మొదలు. ఆదివాసి అనే మాటలో ఉన్నదీ అదే. గౌరవం ఎవరో పెట్టేది కాదు, ముందే ఉన్నదని ఆయన నమ్మకం. తిండి, తాగుడు తగ్గించుకోమన్నది మన మీద, మూగజీవాల మీద దయతోనే.

పాల సంగతి అయితే మా అవ్వను చూడండి. ఆవు పాలు దూడవి, మనం పిండుకోకూడదు అని ఆమె ఇప్పటికీ టీలో పాలు పోసుకోదు. అంబలి, చింతచిగురు, అడవి గడ్డలు, తునికి పండ్లు ఆమెకు చాలు. మా అవ్వ బడికి పోలేదు, వర్మ గారి పేరు వినలేదు. అయినా ఆ దయ ఆమెకు తెలుసు. కాబట్టి ఇది ఎవరో పట్నంవాళ్లు మనకు నేర్పాల్సిన కొత్త విషయం కాదనిపించింది.

వర్మ గారు 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో బడులు పెట్టాడు. ఆ రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ అయినా ఆ బడుల్లో తెలుగులో చెప్పారు. 1933 నాటికి అవి 26 బడులు అయ్యాయి. 2,500 మంది పిల్లలు చదివారు. ఇన్‌ఫ్లుయెంజా, ప్లేగు వచ్చిన రోజుల్లో దిక్కులేని శవాలను ఆయన, ఆయన మనుషులు తీసుకుపోయి పూడ్చారు. జబ్బు అంటుకుంటుందని అందరూ పారిపోతుంటే వీళ్లు దగ్గరికి పోయారు. స్నేహం అంటే కలిసి నవ్వడమే కాదన్నమాట.

చివరికి ఆయనకు బుద్ధుడి మీద మనసు పోయింది. బుద్ధ జయంతి జరిపాడు. కొడుక్కి గౌతమ్ అని పేరు పెట్టాడు. 1939 ఫిబ్రవరి 18న చనిపోయాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లే.

ఇప్పుడు నేను ఎందుకు రాశానో చెప్తాను. మా అన్న పెళ్లికి మా నాయన రెండు మేకలు కోయించాడు, సారా తెప్పించాడు. ఊరంతా బాగుందన్నారు. దానికి చేసిన అప్పు కింద ఆ ఏడు మా మిరపకాయలన్నీ షావుకారి బండి ఎక్కాయి. మా అక్క చదువు ఎనిమిదితో ఆగిపోయింది. ఆ ఒక్క రాత్రి విందు ఖరీదు మా అక్క చదువే. వర్మ గారు తన వాళ్ల పెళ్లిళ్ల గురించి ఎందుకు అంత పట్టుబట్టాడో నాకు పుస్తకం చదవకముందే తెలుసు, కానీ తెలుసని తెలియదు.

వచ్చే ఏడు మా అక్క పెళ్లి. సెలవులకు పోయినప్పుడు మా నాయనతో మాట్లాడతాను. అప్పు చెయ్యొద్దంటాను. జొన్న గటక, పప్పు, చింతచిగురు కూర పెడదాం, డోలు కొట్టించి తెల్లారేదాకా ఆడదాం అంటాను. డోలుకు, ఆటకు షావుకారు అక్కరలేదు. నాయన ఒప్పుకుంటాడో లేదో. తిట్టినా ఇంకోసారి అడుగుతాను.

మీరు కూడా ఈ సెలవుల్లో మీ ఇళ్లల్లో ఈ కథ చెప్పండి. ఆదివారం సాయంత్రం చింతచెట్టు కింద మేం ఆరుగురం పల్లీలు తింటూ కూర్చుంటాం. పొట్లం చిన్నదే. అయినా మా పక్కన కూర్చోవాలనుకునేవాళ్లు ఎవరైనా రావచ్చు. ఎవరం దూరం జరగం.

– 9వ తరగతి విద్యార్థిని