అంబ సన్నిధిలో అణగిన సభాకంపం

విద్య ఎంత ఉన్నా సభ ఎదుట నిలిచేసరికి గొంతు వణకడం, చేతులు చల్లబడడం, కంఠస్థమైన చరణం సైతం మరపునకు రావడం ఎందరికో అనుభవైకవేద్యం. దీనినే పెద్దలు సభాకంపమన్నారు. ఇది అల్పవిద్య గలవారికే కలుగుతుందనుకోరాదు. కర్ణాటక సంగీత త్రిమూర్తులలో వయసున పెద్దవారైన శ్యామశాస్త్రి గారి జీవితంలోనూ అట్టి ఘడియ వచ్చిందని సంగీత సంప్రదాయం చెబుతోంది. దానిని ఆ మహనీయులు దాటిన తీరు ప్రతి గృహంలోనూ పిల్లలకు చెప్పదగినది.

శ్యామశాస్త్రి 1762 ఏప్రిల్ 26న తిరువారూరులో జన్మించారు. త్యాగరాజస్వామి, ముత్తుస్వామి దీక్షితులు కూడా ఆ ఊరనే పుట్టడం ఆ క్షేత్ర మహిమ. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేంకటసుబ్రహ్మణ్యం. ఇంట ముద్దుగా శ్యామకృష్ణ అని పిలిచేవారు. ఆ పిలుపే అనంతరం ఆయన కృతులలో ముద్రగా నిలిచింది. తండ్రి విశ్వనాథ అయ్యర్ బంగారు కామాక్షి అమ్మవారి అర్చకులు. దండయాత్రల భయం చేత కంచి నుంచి తరలించిన ఆ స్వర్ణమూర్తిని అర్చక వంశీయులు ఊరూరా కాపాడుకుంటూ తిరువారూరు చేర్చారు. 1781లో హైదరాలీ సేనల భయం కలుగగా అమ్మవారిని తంజావూరుకు తరలించారు. తుళజా మహారాజు ఆశ్రయమిచ్చారు. అప్పటికి శ్యామశాస్త్రికి పందొమ్మిదేళ్లు.

ఆ వంశంలో సంగీత విద్వాంసులు లేరు. కాశీ నుంచి చాతుర్మాస్య దీక్షకై తంజావూరు వచ్చిన సంగీతస్వామి అనే యతీశ్వరులు ఈ యువకుని యోగ్యత గుర్తించి, తాళశాస్త్ర మర్మాలను, రాగస్వరూపాలను బోధించారు. సెలవు తీసుకుంటూ, ఇక పాఠాలు నేర్వనక్కరలేదనీ, ఆస్థాన విద్వాంసులైన పచ్చిమిరియం ఆదియప్పయ్య గారి గానాన్ని తనివితీరా వినమనీ ఆదేశించారు. భైరవి రాగంలో ప్రసిద్ధమైన విరిబోణి వర్ణాన్ని రచించినది ఆ ఆదియప్పయ్య గారే.

శాస్త్రిగారికి దేవాలయ మాన్యాల వల్ల జీవనానికి లోటు లేదు. రాజసభల కోసం, బిరుదుల కోసం పాడవలసిన అగత్యమూ లేదు. అర్చన చేయడం, అమ్మ ముందు కూర్చుని తెలుగులో కృతులు పాడుకోవడం, ఇదే ఆయన నిత్యవిధి. ఆ గానానికి శ్రోత ఒక్కరే, ఆమె జగన్మాత.

ఇట్టి ప్రశాంత జీవనంలోకి పరీక్ష వచ్చింది. బొబ్బిలి కేశవయ్య అనే ఆంధ్ర విద్వాంసులు తంజావూరు ఏతెంచారు. తాళప్రస్తారంలో ఆయన ఉద్దండులు. భూలోకాన్ని చాపచుట్టగా చుట్టినవాడనే అర్థంలో భూలోక చాపచుట్టి అని బిరుదు. ఆయన సవాలుకు ఎదురు నిలువగలవారు కానరాక, ఆస్థానం పరువు దక్కించమని విద్వాంసులు శాస్త్రిగారిని ప్రార్థించారట. ఆనాటి వాదాలలో ఓటమి అంటే బిరుదులతోపాటు తంబురాను సైతం సమర్పించుకోవడమని చెబుతారు. పైగా ఇది తన ఒక్కరి పరువు కాదు, తంజావూరు విద్వత్తుకే పరీక్ష.

శాస్త్రిగారు కాదనలేకపోయారు. అయినా మనసు కలత చెందింది. వాదాలు ఆయన ఎరిగిన మార్గం కాదు. పోటీకి ముందటి రాత్రి ఆయన మరొకరి వద్దకు వెళ్లలేదు. కామాక్షి సన్నిధికి వెళ్లి కూర్చున్నారు. చింతామణి రాగంలో దేవీ బ్రోవ సమయమిదే అనే కృతి ఆ సందర్భాన వెలువడినదేనని పరంపరగా చెప్పుకుంటారు. అందులో తన విద్వత్తును గురించిన మాట లేదు, ప్రత్యర్థిపై కోపమూ లేదు. రక్షించవలసిన వేళ వచ్చిందని తల్లికి బిడ్డ చేసుకునే విన్నపమే ఉంది. భయాన్ని దాచుకోలేదు, పాటగా మార్చి అమ్మ పాదాల వద్ద ఉంచారు.

మరునాడు సభలో కేశవయ్య గారు సింహనందన తాళంలో పల్లవి పాడారు. ఆ తాళం ఒక్క ఆవర్తనానికి 128 అక్షరాలు. ఆదితాళం పదహారు ఆవర్తనాలు కలిపితే ఎంతో, అంత. ఎక్కడ ఒక్క అక్షరం జారినా పల్లవి ఎత్తుగడకు చేరదు. శాస్త్రిగారు దానిని తొణకక తిరిగి పాడి, ఆపై శరభనందన తాళంలో తమ పల్లవిని వినిపించారు. అది 79 అక్షరాల తాళం. నాలుగుతో గాని ఎనిమిదితో గాని భాగింపబడని లెక్క కావడంతో అలవాటైన ఆదితాళపు నడక అక్కడ ఆదుకోదు. సింహాన్ని అణచగల మృగంగా పురాణాలు చెప్పే శరభం పేరే ఆ తాళానికి ఉండడం విశేషం. కేశవయ్య గారు దానిని అనుసరించలేక శాస్త్రిగారి ఆధిక్యాన్ని అంగీకరించారని ప్రతీతి.

ఇక్కడ గ్రహించవలసిన సూక్ష్మం ఒకటుంది. అమ్మ ఆ రాత్రి ఆయనకు కొత్త విద్య నేర్పలేదు. ఏళ్ల తరబడి యతీశ్వరుల వద్ద అభ్యసించిన లయజ్ఞానమే మరునాడు పలికింది. దానిని కప్పిన కలతను మాత్రం అమ్మ తొలగించింది. నన్నేమనుకుంటారో, ఓడితే నా గతి ఏమిటో అన్న తలపులలోని నేను అనే భావమే సభాకంపానికి మూలం. దానిని దైవానికి అప్పగించినవానికి రాజసభ కూడా గర్భాలయమే. అయితే సాధన లేని ప్రార్థన సోమరితనం, ప్రార్థన లేని సాధన గర్వానికో భయానికో దారి. శాస్త్రిగారిలో ఈ రెండూ కలిశాయి.

విజయానంతరం ఆయన సభల వెంట పోలేదు. తిరిగి పూజామందిరానికే వచ్చారు. భైరవి, యదుకులకాంభోజి, తోడి రాగాలలో స్వరజతి రత్నత్రయాన్ని, మధుర మీనాక్షిపై నవరత్నమాలికను లోకానికి ప్రసాదించారు. కుమారులు సుబ్బరాయశాస్త్రి త్యాగరాజస్వామి వద్ద కూడా శిక్షణ పొంది వాగ్గేయకారులయ్యారు. 1827 ఫిబ్రవరి 6న శ్యామశాస్త్రి అమ్మలో ఐక్యమయ్యారు. తంజావూరు పడమటి వీధిలోని ఆలయంలో బంగారు కామాక్షి నేటికీ పూజలందుకుంటోంది.

నవరాత్రుల్లో, ఆరాధనోత్సవాల్లో మన పిల్లలు వేదిక ఎక్కేముందు వణికితే గద్దించవద్దు, పక్కింటి పిల్లలతో పోల్చవద్దు. నిత్యం ఇంట్లో దీపం వెలిగించి, నేర్చిన పాటను మొదట దేవుని ముందు పాడించండి. ఆ శ్రోతకు అలవాటుపడిన కంఠం ఏ సభలోనైనా తన శ్రుతిని తాను వెదుక్కుంటుంది. కామాక్షీ కటాక్ష సిద్ధిరస్తు.