విత్తోరీనో ద ఫెల్త్రే

ఇటలీ దేశపు ఉత్తరభాగమున, పర్వతముల చెంత ఫెల్త్రే యను చిన్న పట్టణము కలదు. 14వ శతాబ్ది ఉత్తరార్ధమున విత్తోరీనో అచ్చట జన్మించెను. పాదువా విశ్వవిద్యాలయమునకు చదువ వచ్చినపుడు ఆయన చేత ధనము లేకుండెను. పసిపిల్లలకు పాఠములు చెప్పి పొట్ట పోసికొనుచు తాను చదివెను. గణితము నేర్పు పండితుడు అధిక వేతనము కోరగా అతని యింట పరిచారకుడుగా నుండెనని చెప్పుదురు. బీదవాని చదువు ఎంత కష్టమో ఆయన నాడే ఎరిగెను.

1423లో మాంతువా ప్రభువగు జాన్‌ఫ్రాంచెస్కో గొంజాగా తన బిడ్డలకు విద్య గరపుటకై ఆయనను పిలిపించెను. రాజాస్థానముల విలాసములు విత్తోరీనోకు గిట్టవు. తన గౌరవమునకు గాని ప్రభువు గౌరవమునకు గాని తగని పని చెప్పరాదను నియమముపై ఆయన అంగీకరించెను. ఆ నియమమునకు పరీక్ష పిమ్మట వచ్చినది.

పాఠశాలకై ఇచ్చిన భవనము అంతకుముందు విలాసమందిరము. విత్తోరీనో అందలి వెలగల అలంకారములను తీసివేయించి, సోమరులగు సేవకులను సాగనంపెను. గోడలపై ఆటలాడు బాలుర చిత్రములుండెను. దాని పేరు జొకోజా, అనగా ఉల్లాసగృహము.

రోమను, గ్రీకు కవులు క్రీస్తును ఎరుగనివారు గనుక, వారి కావ్యములు చదివిన బాలురు భక్తికి దూరమగుదురని ఆ కాలమున కొందరు భయపడుచుండిరి. జొకోజాలో ఆ భయము లేదు. ప్రతిదినము ప్రార్థన జరుగుచుండెను. వర్జిల్, హోమర్, సిసెరోల పాఠములును, రేఖాగణితమును, సంగీతమును జరుగుచుండెను. చిన్నవారు రంగులు వేసిన అక్షరపు ముక్కలతో ఆడుచు చదువ నేర్చిరి. బెత్తమునకు పని అరుదు. కుస్తీ, ఈత, గుఱ్ఱపుస్వారి, బంతియాట మాత్రము తప్పనిసరి. ప్రభువు పెద్దకుమారుడు లుదోవీకో మిక్కిలి స్థూలకాయుడు. తమ్ముడు కార్లో పొడవై బక్కచిక్కినవాడు. గురువు అన్నకు తిండి తగ్గించి, తమ్మునికి పెంచి, ఇరువురిచేతను వ్యాయామము చేయించెను.

రాజకుమారుల సరసనే బీదబాలురును కూర్చుండిరి. వారికి అన్నవస్త్రములు, పుస్తకములు గురువే ఇచ్చెను. తన జీతము చాలనపుడు సంకోచింపక ప్రభువును అడుగుచుండెను.

ప్రభువు కుమార్తె చెచీలియా పదేండ్లు నిండకమునుపే గ్రీకుభాష నేర్చిన బుద్ధిమంతురాలు. ఆమె సన్న్యాసిని కాగోరెను. తండ్రి ఉర్బీనో యువరాజుతో పెండ్లి నిశ్చయించెను. ఆమె కాదనగా మండిపడెను. గురువు ఆ ప్రభువు జీతము తినువాడు. ఊరకున్నను తప్పుపట్టువారు లేరు. అయినను ఆయన శిష్యురాలి పక్షమున నిలిచెను. ప్రభువు కోపించెనే గాని అట్టి గురువును వదలుకొనలేదు. 1444లో ఆయన మరణింపగా, మరుసటి యేడు చెచీలియా మఠమున చేరెను.

1446 ఫిబ్రవరి 2వ తేదీన విత్తోరీనో కన్నుమూసెను. సంపాదించినదంతయు శిష్యులకే వెచ్చించినందున ఆయన వెనుక ఆస్తి మిగులలేదు. జొకోజాలో చదివి ఉర్బీనో ప్రభువైన ఫెదెరీగో తన పఠనమందిరమున ప్లేటో, అరిస్టాటిల్ మొదలగు మహనీయుల పటములతోపాటు తన గురువు పటమును వ్రాయించి పెట్టుకొనెను.