ఈల పట్టిన ఉపాధ్యాయుడు

ఫుట్‌బాలు ఆటలో రిఫరీ చూపు పసుపు, ఎఱ్ఱ కార్డుల నెఱుగని విద్యార్థి యుండడు. వాని నూహించినవాడు మావలెనే యొక బడిపంతులు. ఆయనయే కెన్ ఆస్టను.

ఆయన 1915లో ఇంగ్లాండునందలి కోల్చెస్టరులో జన్మించెను. ఉపాధ్యాయ శిక్షణ ముగించి ప్రాథమిక పాఠశాలలో చదువు చెప్పుచు, పిల్లల యాటకు ఈల పట్టి, 1936లో రిఫరీగా అర్హత పొందెను.

1962లో శాంటియాగో నగరమున చిలీ, ఇటలీ జట్ల ప్రపంచకప్పు పోటీని ఆయన నడిపెను. ఆటగాండ్రు కొట్టుకొనిరి. ఇటలీవారి నిద్దఱిని వెలుపలికి పంపినను కలహ మణగలేదు. పోలీసులు మైదానమున ప్రవేశించిరి. ఆస్టను నిరాశతో ఈల విడిచిపెట్టలేదు. 1963లో ఎఫ్.ఎ. కప్పు తుదిపోటీకి ఆయనయే రిఫరీ.

1966లో ఇంగ్లాండు, అర్జెంటీనాల పోటీయందు జర్మను రిఫరీకిని అర్జెంటీనా నాయకునికిని ఒకరి భాష యొకరికి తెలియక గొప్ప చిక్కు గలిగెను. దానినే తలపోయుచు ఆస్టను లండనులో కారు నడపుచుండగా వీథిదీపములు కనబడెను. పసుపు హెచ్చరిక, ఎఱుపు నిలుపుదల. ఈ భాష యెవరికి తెలియదు? 1970లో మెక్సికో ప్రపంచకప్పునందు కార్డులు వెలువడెను. ఆయన 2001లో మరణించెను.

విద్యార్థులారా, చిన్నపిల్లల యాటకు తొలిసారి ఈల పట్టినప్పుడు మీ మాట చెల్లకపోవచ్చును. అందులకు సిగ్గుపడకుడు, ఏల చెల్లలేదో యోచింపుడని మేము కోరుచున్నాము.