ఐర్లండు వీరుడు – బడిపంతులు పాట్రిక్ పియర్స్

ఈసారి మహనీయుల జీవితాల శీర్షిక రాయడం నా వంతు. మన దేశ నాయకుల గురించి అన్నలు ఇదివరకే చాలా రాశారు. అందుకని నేను దూరదేశమైన ఐర్లండు నుంచి ఒకాయన్ని మన గోడమీదకు తీసుకొస్తున్నాను. ఆయన రాజు కాదు, సైన్యంలో పుట్టి పెరిగినవాడూ కాదు. బడిపంతులు. అదీ మన బడిలాంటి బడికే, అంటే పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని చదువుకునే బడికి హెడ్మాస్టరు. ఆయన పేరు పాట్రిక్ పియర్స్.

ముందు ఐర్లండు సంగతి

ఐర్లండు అనేది ఇంగ్లండుకు పడమటి వైపు సముద్రంలో ఉన్న దీవి. మనల్ని పాలించిన ఇంగ్లీషువాళ్ళే వాళ్ళనీ పాలించారు, అదీ మనకంటే కొన్ని వందల ఏళ్ళు ముందునుంచీ. భూములు దొరల పాలయ్యాయి. రైతు తన తాతల పొలంలోనే కౌలుదారు అయ్యాడు. పేదవాడి తిండి ఆలుగడ్డ. 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు పట్టింది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు కరువే కరువు. సుమారు 10 లక్షల మంది ఆకలికీ, జ్వరాలకీ చనిపోయారు. మరో 10 లక్షల మంది ఓడలెక్కి దేశం విడిచిపోయారు. అదే కాలంలో ఓడరేవుల నుంచి ధాన్యం, పశువులు ఇంగ్లండుకు వెళ్తూనే ఉన్నాయి. ఇది చదివిన రాత్రి నాకు అన్నం సయించలేదు.

చనిపోయినవాళ్ళలో, వెళ్ళిపోయినవాళ్ళలో ఎక్కువమంది పడమటి పల్లెల పేదలు. వాళ్ళు మాట్లాడేది ఐరిష్ భాష. వాళ్ళతోపాటు ఆ భాష కూడా సన్నగిల్లింది. బళ్ళో అంతా ఇంగ్లీషే. కొన్ని చోట్ల పిల్లల మెడలో ఒక కర్రముక్క కట్టి, ఐరిష్ మాట్లాడినప్పుడల్లా దానిమీద ఒక గాటు పెట్టి, గాట్లు లెక్కబెట్టి కొట్టేవారు. మనలో చాలామందికి ఇంట్లో మాట ఒకటి, పుస్తకంలో మాట ఒకటి. కాబట్టి ఈ సంగతి మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

పుట్టుక, బాల్యం

పియర్స్ 1879 నవంబరు 10న డబ్లిన్ నగరంలో పుట్టాడు. తండ్రి జేమ్స్ ఇంగ్లండు నుంచి వచ్చిన రాతిశిల్పి, చర్చీలకు బొమ్మలు చెక్కేవాడు. తల్లి మార్గరెట్ ఐర్లండు ఆవిడ. చూశారా, తండ్రి పాలించే దేశంవాడు, తల్లి పాలింపబడే దేశం మనిషి! ఇద్దరు అక్కచెల్లెళ్ళు, విల్లీ అనే ఒక తమ్ముడు. విల్లీకి అన్నంటే ప్రాణం. ఈ తమ్ముణ్ణి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాడు.

ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషే. కానీ తల్లివైపు ముసలావిడ ఒకామె పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని పాత ఐరిష్ కథలూ పాటలూ చెప్పేది. ఆ కథల్లో కుహూలిన్ అనే కుర్రవీరుడున్నాడు. మన అభిమన్యుడిలాంటివాడు. ఒక్కడే నిలబడి తన నేలకు కాపలా కాశాడు. చావు దగ్గరపడినప్పుడు కూడా కూలిపోకుండా ఒక రాతికి తనను తాను కట్టేసుకుని నిలబడే ప్రాణం విడిచాడు. ఈ కథ పియర్స్ మనసులో నాటుకుపోయింది.

పదహారేళ్ళకే, అంటే 1896లో, గేలిక్ లీగ్ అనే సంఘంలో చేరాడు. ఐరిష్ భాషను బతికించడం ఆ సంఘం పని. 1901లో డిగ్రీ పూర్తిచేసి లాయరు కూడా అయ్యాడు. 1903 నుంచి 1909 దాకా ఆ సంఘం పత్రికకు సంపాదకుడుగా పనిచేశాడు. ఆ పత్రిక పేరుకు అర్థం వెలుగుకత్తి అన్నమాట.

బండిమీద పేరు

ఆయన లాయరుగా వాదించిన ఒక కేసు మీకు చెప్పాలి. 1905లో ఒక రైతు తన బండిమీద తన పేరును ఐరిష్ అక్షరాలతో రాయించుకున్నాడు. బండిమీద పేరు చదవడానికి వీలుగా ఉండాలని చట్టం. ఐరిష్‌లో రాస్తే చదవడానికి వీలులేనట్టే అని పోలీసులు కేసు పెట్టారు, జరిమానా పడింది. పియర్స్ ఆ రైతు తరఫున డబ్లిన్ కోర్టులో వాదించాడు. కేసు ఓడిపోయింది. ఆలోచించండి: సొంత దేశంలో, సొంత బండిమీద, సొంత పేరు సొంత భాషలో రాసుకుంటే నేరం! ఆ తర్వాత ఆయనకు లాయరు వృత్తిమీద మోజు లేకుండా పోయింది.

ఆయన పెట్టిన బడి

అదే ఏడాది పియర్స్ బెల్జియం దేశం వెళ్ళాడు. అక్కడ బళ్ళల్లో రెండు భాషలు ఎలా నేర్పుతున్నారో తరగతుల్లో కూర్చుని చూసి వచ్చాడు. 1908 సెప్టెంబరులో డబ్లిన్‌లో తనే ఒక బడి పెట్టాడు. పేరు సెయింట్ ఎండా. అందులో చదువు ఐరిష్‌లోనూ, ఇంగ్లీషులోనూ. తోటపని, ప్రకృతి పాఠాలు, నాటకాలు, ఆటలు అన్నీ ఉండేవి. తమ్ముడు విల్లీ బొమ్మలు వేయడం నేర్పేవాడు. థామస్ మెక్‌డొనా అనే కవి పాఠాలు చెప్పేవాడు.

అప్పటి ఇంగ్లీషు చదువుల పద్ధతి పిల్లలను నలిపే యంత్రంలాంటిదని పియర్స్ ఒక చిన్న పుస్తకమే రాశాడు. పరీక్షల కోసం బట్టీ పట్టించడం ఆయనకు గిట్టదు. ఒక్కో పిల్లవాడిలో ఒక్కో గుణం ఉంటుంది, దాన్ని కనిపెట్టి పైకి తీయడమే పంతులు పని అని ఆయన నమ్మకం. 1910లో బడిని ఊరి చివర చెట్లూ, వాగూ ఉన్న పెద్ద ఆవరణలోకి మార్చాడు. అద్దె ఎక్కువ, పిల్లలు తక్కువ. అప్పులు మెడకు చుట్టుకున్నాయి. చివరిదాకా ఆ అప్పులు తీరనేలేదు.

మన దేశానికీ ఆ బడికీ ఒక సంబంధం ఉంది. 1913 మేలో డబ్లిన్‌లోని ఆబీ థియేటర్లో ఒకేరోజు రెండు నాటకాలు ఆడారు. ఒకటి పియర్స్ రాసిన ఐరిష్ నాటకం. రెండోది మన రవీంద్రనాథ్ ఠాగూర్ రాసిన పోస్టాఫీసు నాటకం. వచ్చిన డబ్బు సెయింట్ ఎండా బడి ఖర్చులకే. ఠాగూరుకు నోబెల్ బహుమతి రావడానికి ఇంకా ఆరు నెలలు ఉంది అప్పటికి.

పలక వదిలి తుపాకీ

మొదట్లో పియర్స్ కూడా శాంతిగానే స్వపరిపాలన వస్తుందని అనుకున్నాడు. చట్టం వచ్చింది గానీ 1914లో ప్రపంచ యుద్ధం మొదలవగానే దాన్ని పక్కనపెట్టారు. ఈలోగా 1913 నవంబరులో ఐరిష్ వాలంటీర్లు అనే దళం ఏర్పడింది. పియర్స్ అందులో నాయకుల్లో ఒకడయ్యాడు. రహస్య సంఘంలోనూ చేరాడు. 1914 జులైలో వాలంటీర్లు డబ్లిన్ పక్కన హౌత్ రేవులో పడవమీద 900 పాత తుపాకులు దించుకున్నారు. 1915 ఆగస్టులో ఓ పాత విప్లవకారుడి సమాధి దగ్గర పియర్స్ మాట్లాడిన మాటలు దేశమంతా పాకాయి. ఆ రోజునుంచీ ఆయన పేరు తెలియనివాడు లేడు.

ఇంగ్లండు యుద్ధంలో మునిగి ఉంది, ఇదే అదను అని రహస్య సంఘం తిరుగుబాటుకు ముహూర్తం పెట్టింది. 1916 ఈస్టర్ ఆదివారం. జర్మనీ నుంచి 20,000 తుపాకులతో ఓడ బయలుదేరింది. కానీ అది దొరికిపోయింది. దాని కెప్టెనే ఓడను ముంచేశాడు. వాలంటీర్ల పెద్ద మెక్‌నీల్‌కు అసలు సంగతి ముందు చెప్పలేదు. ఆయనకు తెలిసి, ఇది పిల్లలను చావుకు పంపడమేనని ఆదివారం కవాతు రద్దు చేస్తూ పేపర్లో వేయించాడు. దాంతో చాలామంది ఇళ్ళల్లోనే ఉండిపోయారు. మిగిలిన నాయకులు కూర్చుని ఆలోచించుకుని, ఒక్క రోజు వాయిదా వేసి సోమవారం బయలుదేరారు.

ఆరు రోజుల యుద్ధం

1916 ఏప్రిల్ 24, సోమవారం మధ్యాహ్నం. వాలంటీర్లూ, జేమ్స్ కానలీ నడిపే కార్మికుల సైన్యమూ కలిసి డబ్లిన్‌లో పెద్ద పోస్టాఫీసును పట్టుకున్నారు. మిగతా దళాలు మరికొన్ని భవనాలు పట్టుకున్నాయి. వారంలో కలిసినవాళ్ళందరినీ లెక్కేసినా రెండు వేలు లేరు. పియర్స్ మెట్లమీద నిలబడి స్వతంత్ర ఐర్లండు ప్రకటన చదివాడు. కింద ఏడుగురి పేర్లు ఉన్నాయి. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమాన హక్కులని అందులో రాశారు. ఆ కాగితం అచ్చువేయడానికి అక్షరాలు చాలక, సగం సగంగా రెండుసార్లు అచ్చు వేశారు. వింటున్న జనం కొద్దిమందే. పెద్దగా చప్పట్లు కూడా లేవు.

పియర్స్ సర్వసైన్యాధ్యక్షుడు. అసలు యుద్ధం నడిపింది కానలీ. పోస్టాఫీసులో ఆయన పక్కన తమ్ముడు విల్లీ ఉన్నాడు, సెయింట్ ఎండాలో చదివిన కుర్రవాళ్ళు కూడా ఉన్నారు.

మొదటిరోజు బ్రిటిష్ సైన్యం కొద్దిగానే ఉంది. వారం చివరికి 16,000 దాకా వచ్చింది. ఫిరంగులు దించారు, నదిలోంచి ఓడమీది తుపాకులు పేల్చారు. నగరం నడిబొడ్డు తగలబడింది. కానలీ కాలికి గుండు తగిలి మంచాన పడ్డాడు. శుక్రవారం పోస్టాఫీసు కప్పు అంటుకుంది. అందరూ బయటపడి మూర్ వీధి ఇళ్ళలోకి దూరి, గోడలకు కన్నాలు పెట్టుకుంటూ ఇంటినుంచి ఇంటికి వెళ్ళారు. శనివారం ఆ వీధిలోనే తెల్లజెండా పట్టుకున్న మామూలు జనం గుండ్లకు బలైపోవడం పియర్స్ చూశాడు. ఇంక చాలనుకున్నాడు.

ఎలిజబెత్ ఓఫారెల్ అనే నర్సు తెల్లజెండా పట్టుకుని ఒంటరిగా కాల్పుల మధ్యకు నడిచి వెళ్ళింది. ఏప్రిల్ 29 మధ్యాహ్నం మూడున్నరకు పియర్స్ జనరల్ లో ఎదుట లొంగిపోయాడు. ఆ ఫోటోలో నర్సు పియర్స్‌కు అవతల వైపున ఉంది, పాదాలు మాత్రం కనిపిస్తాయి. తర్వాత కొన్ని ప్రతుల్లో ఆ పాదాలు కూడా చెరిపేశారు. ఈ సంగతి మన చెల్లెళ్ళు తప్పక గుర్తుంచుకోవాలి.

అంతిమ దినాలు

ఖైదీలను నడిపించుకుపోతుంటే డబ్లిన్ జనంలో కొందరు తిట్టారు. వాళ్ళ ఇళ్ళు కాలిపోయాయి, కొందరి భర్తలు బ్రిటిష్ సైన్యంలో ఉన్నారు మరి. మే 2న సైనిక కోర్టు విచారణ. మే 3 తెల్లవారుజామున కిల్మేనం జైల్లో పియర్స్‌ను కాల్చి చంపారు. వయసు 36. పెళ్ళి కాలేదు. అదే వేకువన మెక్‌డొనానూ, క్లార్క్ అనే ముసలి విప్లవకారుణ్ణీ చంపారు. తల్లి ఆయన్ని కడసారి చూడలేకపోయింది. మర్నాడు తమ్ముడు విల్లీని కూడా చంపారు. తల్లికి ఉన్న ఇద్దరు కొడుకులూ రెండు రోజుల్లో పోయారు. మే 12న నిలబడలేని కానలీని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు.

ఈ వార్తలు ఒక్కొక్కటీ వచ్చేసరికి తిట్టిన జనమే కళ్ళు తుడుచుకున్నారు. 1918 ఎన్నికల్లో స్వాతంత్ర్యం కోరే పార్టీ 105లో 73 సీట్లు గెలిచింది. 1919 నుంచి 1921 దాకా యుద్ధం. 1922లో ఐర్లండులో ఎక్కువ భాగానికి స్వపరిపాలన వచ్చింది. ఉత్తరాన ఆరు జిల్లాలు బ్రిటన్ కిందే ఉండిపోయాయి. 1949లో ఐర్లండు పూర్తి రిపబ్లిక్ అయింది. బడిని తల్లీ, అక్కా 1935 దాకా ఎలాగో నడిపారు. ఇప్పుడది మ్యూజియం.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో మన తెలుగాయన ఒకరు డబ్లిన్‌లోనే లా చదువుతున్నారు. ఆయనే వి.వి.గిరి గారు. 1913లో వెళ్ళారు. ఐరిష్ ఉద్యమంతో సంబంధం ఉందని 1916లో ప్రభుత్వం ఆయన్ని దేశం వదిలి పొమ్మంది. 1969లో ఆయన మన రాష్ట్రపతి అయ్యారు.

నా అభిప్రాయం

ఈ వ్యాసం కోసం చదివినవి మా గదిలో చెబితే పెద్ద వాదన జరిగింది. ఆ వారంలో చనిపోయినవారు 485 మంది అని తర్వాత లెక్క తేల్చారు. సగానికి పైగా యుద్ధంతో సంబంధంలేని జనం. 40 మంది దాకా పిల్లలు. ఓడిపోతామని తెలిసి నగరం నడుమ యుద్ధం ఎందుకు మొదలుపెట్టాలి, ఆ పిల్లల తల్లులకు ఎవరు జవాబు చెబుతారు అని ఒకడు. అలా చేయకపోతే ఆ దేశం లేచేదే కాదు అని ఇంకొకడు. లైట్లు ఆర్పే గంట కొట్టినా వాదన తెగలేదు.

నాకనిపించింది రాస్తున్నాను. ఆ 40 మంది పిల్లలను పక్కనపెట్టి పియర్స్‌ను పొగడడం సరికాదు. ఆయన వీరుడే, కానీ ఆయన ధైర్యం సోమవారం కంటే శనివారం పెద్దది. తుపాకీ పట్టడానికి చాలామంది ముందుకొస్తారు. జనం చస్తున్నారు, ఇక చాలు అని, తన ప్రాణం పోతుందని తెలిసీ తుపాకీ దించడానికి ఎంతమంది వస్తారు?

ఇంకొకటి. పోస్టాఫీసు ఐదు రోజుల్లో పోయింది. బడిలో ఆయన చేసిన పని మాత్రం నిలిచింది. బండిమీద రాస్తే జరిమానా వేసిన ఆ ఐరిష్ ఇవాళ ఆ దేశంలో వీధి పలకల మీద ఉంది, బళ్ళో ప్రతి పిల్లవాడూ నేర్చుకుంటున్నాడు. రోజూ మాట్లాడేవాళ్ళు మాత్రం ఇప్పటికీ తక్కువే. భాషను ప్రభుత్వం పలకమీద రాయించగలదు గానీ నోట్లో నిలబెట్టలేదు. ఆ పని ఇంట్లో అమ్మమ్మలూ, పిల్లలూ చేయాలి. కాబట్టి మిత్రులారా, ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మన ముసలివాళ్ళ దగ్గర కూర్చుని ఒక్క కథైనా మన మాటలోనే విని రండి. వచ్చే గోడపత్రికలో రాద్దాం.

ఇట్లు,
మీ మిత్రుడు,
తొమ్మిదవ తరగతి