పరదేశిగా వచ్చి పత్తికొండలో కన్నుమూసిన మన్రో



మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పెద్దలకు మన్రో దొర పేరు కొత్త కాదు. మంత్రాలయం మఠం మాన్యం విచారణకు వచ్చినప్పుడు ఆయనకు రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చారని ఇక్కడి వారు తరతరాలుగా చెప్పుకుంటారు. అయితే ఈ దొర మన దేశంలో అడుగుపెట్టిన మొదటి రోజులు ఎలా గడిచాయో మీకు తెలుసా?

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండు దేశంలోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవారు. అమెరికాలో యుద్ధం రావడంతో ఆ వ్యాపారం కూలిపోయింది, కుటుంబం అప్పుల పాలయింది. చిన్ననాటి జబ్బు వలన థామస్‌కు వినికిడి కూడా తక్కువే. అటువంటి కుర్రవాడు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చిన్న ఉద్యోగం సంపాదించుకొని, 1780 జనవరి 15న మద్రాసు చేరుకున్నాడు. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు.

ఆ రోజుల్లో మద్రాసుకు రేవు లేదు. ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగేవి. ప్రయాణికులు మసూలా పడవలెక్కి, అలల మీద ఎగిరిపడుతూ ఒడ్డుకు చేరేవారు. అక్కడ ఎండ కొత్త, భాష కొత్త, తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. అప్పుడే పెద్దమనిషిలా కనిపించిన ఒక ముసలి నౌకరు మన్రో దగ్గరకు వచ్చాడు. తన మంచితనాన్ని గురించి ఎవరెవరో దొరలు వ్రాసిచ్చిన కాగితాలు చూపించాడు. సీమ నుండి తెచ్చుకున్న బట్టలు ఈ వేడికి పనికిరావనీ, వాటిని మార్చి తగినవి తెస్తాననీ నమ్మబలికాడు. సామానూ డబ్బూ తీసుకొని వెళ్ళినవాడు మళ్ళీ తిరిగి రాలేదు! తిరిగి నాలుగు జతల బట్టలు కొనుక్కునేంత సొమ్ము కూడబెట్టడానికి మన్రోకు సుమారు ఆరు నెలలు పట్టింది.

ఆ తరువాతి జీవితమూ సుఖంగా గడవలేదు. అదే ఏడు హైదరాలీతో యుద్ధం మొదలయింది. ఏళ్ళ తరబడి ఆయనకు పుస్తకమో తూటాల సంచియో తలగడ అయింది. నాలుగు కర్రలపై పరచిన ముతక గుడ్డే మంచం. ఆ చాలీచాలని జీతంలోనే మిగిల్చి ఇంటి దగ్గర తల్లిదండ్రులకు పంపేవారు.

పాఠకులారా, ఒక్క క్షణం ఆలోచించండి. అడుగుపెట్టగానే మోసపోయినవాడు ఈ దేశంలో ఎవరినీ నమ్మకూడదనే నిశ్చయానికి రావడం ఎంత తేలిక! మన్రో అలా చేయలేదు. ఇక్కడి భాషలు నేర్చుకొని ప్రజలతో నేరుగా మాట్లాడారు. నిజాము 1800లో దత్తమండలాన్ని కంపెనీకి ఇచ్చినప్పుడు మన్రో ఇక్కడికి ప్రధాన కలెక్టరుగా వచ్చారు. 1807 వరకు ఆదోని మొదలు కడప వరకు గుడారాలలో ఉంటూ ఊరూరూ తిరిగారు. పొలాలు కొలిపించి, ఏ రైతు శిస్తు ఆ రైతే కట్టే రైత్వారీ పద్ధతిని నిలబెట్టారు.

అంతా మంచే జరిగిందని చెప్పలేము. సుమారు ఎనభై మంది పాలెగాళ్ళ అధికారాన్ని అణచివేశారు. శిస్తు విషయంలో ఎదురు తిరిగిన తెర్నేకల్లు గ్రామంపైకి 1801లో కంపెనీ సైన్యం నడిచింది. ఆనాటి శిస్తు బరువు రైతు నడుము వంచింది. ఆ సంగతి గ్రహించిన మన్రో 1807లో శిస్తును నాలుగో వంతు తగ్గించాలని పైవారికి వ్రాశారు. వారు అప్పుడు ఒప్పుకోలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరు అయినప్పుడు గాని అది అమలు కాలేదు. ఈ దేశస్థులను పెద్ద ఉద్యోగాలకు దూరంగా ఉంచడం వారిని అవమానించడమేనని 1824లో ప్రభుత్వానికి గట్టిగా నివేదించినదీ ఆయనే. ఒకనాడు ఒక నౌకరు చేసిన మోసానికి జాతినంతటినీ తప్పుపట్టని మనసు అది.

పదవి విడిచి స్వదేశం వెళ్ళబోయే ముందు, దత్తమండల ప్రజలను చివరిసారి చూడాలని 1827 వేసవిలో బయలుదేరారు. దారిలో కలరా సోకింది. జూలై 6న పత్తికొండలో మరణించారు. గుత్తిలో సమాధి చేసి, తరువాత అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేరిట తోపు వేసి, మెట్లబావి కట్టించారు. కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

నేడు మన పల్లెల నుండి ఎంతో మంది సుగ్గికి గుంటూరు వైపు, కూలికి బెంగుళూరు వైపు మూటాముల్లె పట్టుకొని వెళ్తున్నారు. బస్సు దిగగానే తీయని మాటలతో ఎదురయ్యేవారు అక్కడా ఉంటారు. వెళ్ళేవారికి జాగ్రత్త చెప్పి పంపండి. అలాగే మన ఊరి బస్టాండులో దిక్కుతోచక నిలబడిన పరదేశి కనిపిస్తే, మీరే ముందుగా పలకరించి దారి చూపించండి. అతడు ఈ ఊరిని జీవితాంతం ఎలా తలచుకుంటాడో ఆ మొదటి పలకరింపు మీదనే ఆధారపడి ఉండవచ్చు.