సురపురం కొండమీది మజిలీ

తుంగభద్ర కాలువలకు 1953లో నీరు వదిలిన పిదప మన కుటుంబాలు అనేకం కోస్తా జిల్లాలు విడిచి ఈ రాయచూరు సీమకు తరలివచ్చినవి. సాయంత్రానికి సముద్రపు గాలి తిరుగుతుందన్న ధీమాతో ఇల్లు కట్టడం అక్కడి అలవాటు. ఇక్కడ ఆ లెక్క కుదరదు. (ఆ సంగతి ప్రతి వేసవిలోనూ మాకు గుర్తుకు వస్తూనే ఉంటుంది.) మనకంటె శతాబ్దం ముందే, సముద్రతీరం నుండే వచ్చి, ఈ నేలకు తగిన ఇల్లు ఒకటి కట్టుకొన్న పరదేశిని ఈ ఉగాదినాడు స్మరించ దలచినాము.

ఆయన ఫిలిప్ మెడోస్ టైలర్. 1808లో లివర్‌పూల్ రేవుపట్టణంలో జన్మించారు. పదిహేనేండ్ల ప్రాయంలో బొంబాయిలో ఒక వర్తకుని కొలువుకు వచ్చి, అది నిలిచేది కాదని తెలిసి, నైజాం సైన్యంలో చేరారు. భాషలు, భూమి కొలతలు, న్యాయశాస్త్రం స్వయంకృషితోనే అభ్యసించారు. 1839లో వెలువడిన థగ్గుల నవల ఆయనకు సీమలో గొప్ప పేరు తెచ్చింది.

1841లో ఆయనను సురపురం సంస్థానానికి పంపారు. కృష్ణకు ఉత్తరాన ఉన్న ఆ ఊరు 1905 వరకు లింగసుగూరు జిల్లాలోనిది. నేడు యాదగిరి జిల్లాలో ఉన్నది. చుట్టూ బండరాతి గుట్టలు. పగలంతా కాగిన రాయి రాత్రి కూడ వేడి కక్కుతుంది. పల్లంలో గాలి ఆడదు. టైలర్ కొండమీద ఇల్లు కట్టించారు; అది 1844 నాటిదని చెబుతారు. అక్కడ గాలికి అడ్డు లేదు. దిగువన ఊరు, ఆవల గుట్టల వరుస, వాటిని దాటితే మైదానం. తోటగోడలు కట్టి తన దేశాన్ని లోపల నిలుపుకొనే దొరలున్న కాలంలో, ఈ ఇల్లు బయటి దేశాన్నే చూడమంటుంది. సమీపంలోని బోనాళ చెరువును కూడ ఆయన బాగుచేయించారు; నేడది పక్షులకు ఆశ్రయం.

అయితే ఆ కొండమీద ఉన్నవాడు అధికారి యన్న మాట మరువరాదు. బాలరాజు వెంకటప్ప నాయకుడు ఆయనను అప్పా అని పిలిచేవాడు. 1853లో రాజు యుక్తవయస్కుడు కాగా సంస్థానం అతనికి అప్పగించి టైలర్ వెళ్ళిపోయారు. 1858లో రాజు ఇంగ్లీషువారిపై తిరుగబడి పట్టుబడ్డాడు. సికింద్రాబాదు చెరలో టైలర్ అతనిని చూచారు. శిక్ష తగ్గించి చెంగల్పట్టుకు తరలిస్తుండగా దారిలో తుపాకి గుండుకు మరణించాడు. ఆత్మహత్య యని సర్కారు చెప్పింది. ఆ యేడే టైలర్ డిప్యూటీ కమిషనరై మళ్ళీ సురపురం వచ్చారు. ఊరు అదే, కొండ అదే. అప్పా అని పిలిచినవాడు లేడు. పెంచిన చేతులతోనే అతని రాజ్యాన్ని సర్కారు తరఫున పాలించవలసి వచ్చింది. దానిని పుత్రశోకమనాలో, ఉద్యోగధర్మమనాలో మేము తేల్చలేకున్నాము. 1860లో ఆరోగ్యం చెడి స్వదేశం చేరారు.

ఆ ఇంటిని జనం టైలర్ మంజిల్ అంటారు. మంజిల్, మన మజిలీ ఒకే మాట నుండి పుట్టినవి. 1875లో సాలార్‌జంగు ఆహ్వానంపై టైలర్ చివరిసారి హైదరాబాదు వచ్చి, జబ్బుపడి, చూపు మందగించి తిరుగు ప్రయాణం కట్టారు. ఇల్లు చేరలేదు. 1876 మే 13న ఫ్రాన్సు దేశపు సముద్రతీరంలో, మెంటన్ అనే ఊరి మజిలీలో కన్నుమూశారు.