ఆవిరికి లెక్క కట్టిన విక్టర్ రెగ్నాల్టు

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల ఉప్పుడు బియ్యపు మిల్లులలో ధాన్యము నుడికించునది బాయిలరులోని ఆవిరి. కొల్లేటి చేపలు దూరదేశములకు చెడకుండ చేరుటకు ఐసు ఫ్యాక్టరీలలో నీటిని గడ్డకట్టించునది అమోనియా. ఎంత వేడికి ఆవిరి ఎంత ఒత్తిడితో త్రోయునో, ఎంత చలికి అమోనియా ద్రవమగునో ముందుగా తెలియనిచో యంత్రమును కట్టుటయే అసాధ్యము. తప్పుగా తెలిసినచో ప్రాణములకే ముప్పు. నేడీ అంకెలు పట్టికలలో సిద్ధముగా దొరకుచున్నవి. అట్టి పట్టికలకు గట్టి పునాది వేసిన మహనీయుడు ఫ్రాన్సు దేశపు హెన్రీ విక్టర్ రెగ్నాల్టు. గాలిలోని తేమను కొలుచు ఆయన సాధనమును కళాశాల విద్యార్థు లెరుగుదురు. ఆయన జీవితము నెరిగినవారు తక్కువ.

రెగ్నాల్టు 1810 జూలై 21వ తేదీన, నేడు జర్మనీలో నున్న ఆఖెన్ పట్టణమున జన్మించెను. తండ్రి నెపోలియను సైన్యమున అధికారి. 1812 నాటి రష్యా దండయాత్రలో మరణించెను. కొంతకాలమునకు తల్లియు గతించెను. దిక్కులేని ఆ బాలుడు పారిస్ నగరమున ఒక బట్టల దుకాణమున కొలువు కుదిరి, పని తీరిన ప్రతి గడియను చదువునకే వినియోగించెను. 1830లో సుప్రసిద్ధమైన ఎకోల్ పోలిటెక్నిక్ విద్యాలయమున ప్రవేశము సంపాదించెను. పది సంవత్సరములు గడచునప్పటికి, 1840లో, అదే విద్యాలయమున గేలూసాక్ పండితుని రసాయనశాస్త్ర పీఠము ఆయనను వరించెను. మరుసటి సంవత్సరము కాలేజ్ ద ఫ్రాన్సులో భౌతికశాస్త్రాచార్యు డయ్యెను.

ఆవిరియంత్రముల యుగమది. ఆవిరి గుణములను గూర్చి ఫ్రాన్సులో దులాంగ్, అరాగోలు చెప్పిన లెక్క యొకటి. అమెరికాలో ఫ్రాంక్లిన్ సంస్థవారు చెప్పిన లెక్క మరియొకటి. ఒకే చేనికి రెండు విస్తీర్ణములు వ్రాసినచో గ్రామమున తగవు తప్పదు గదా! నిజము తేల్చు భారమును ఫ్రెంచి ప్రభుత్వపు ప్రజాపనుల శాఖ రెగ్నాల్టునకు అప్పగించెను.

ఆయన ముందుగా కొలచు సాధనమునే పరీక్షించెను. వేర్వేరు గాజులతో చేసిన పాదరసపు ఉష్ణమాపకములు సున్న డిగ్రీల వద్దను, నూరు డిగ్రీల వద్దను ఏకీభవించినను, అంతకు పైని వేడికి భిన్నముగా పలుకుచుండెను. చేను కొలువకముందే గొలుసును సరిచూచుకొనవలెనను న్యాయమున ఆయన వాయు ఉష్ణమాపకమును ప్రమాణముగా గైకొనెను. తప్పును తరువాత కాగితముమీద సర్దుటకంటె, తప్పు పుట్టని రీతిని పరికరమునే మలచుట మేలని ఆయన నియమము. వేయి పాళ్ల గాలిని సున్న నుండి నూరు డిగ్రీలకు కాచిన 1375 పాళ్లగునని గేలూసాక్ చెప్పియుండెను. స్వీడను దేశపు రుడ్‌బర్గ్ దానిని సందేహించెను. రెగ్నాల్టు పలు పద్ధతుల కొలచి, అది 1367 పాళ్లకు మించదని తేల్చెను. తన పీఠమున పూర్వము కూర్చున్న పెద్దల మాటయైనను ఆయన కొలువక నమ్మలేదు.

ధవళేశ్వరము ఆనకట్ట పని ప్రారంభమైన 1847వ సంవత్సరముననే ఆయన మహాగ్రంథపు మొదటి సంపుటము వెలువడెను. సున్న డిగ్రీల నీటిని నూరు డిగ్రీల ఆవిరిగా మార్చుటకు కిలోగ్రామునకు 637 కిలోకేలరీల వేడి కావలయునని ఆయన సూత్రము చెప్పును. నేటి పట్టికలలో నున్నది సుమారు 639. భేదము మూడువందలకు ఒక పాలు! 1862 నాటి రెండవ సంపుటమున నీటితోపాటు మద్యసారము, ఈథరు, క్లోరోఫారము, అమోనియా మున్నగు వాటి బాష్పపీడనములను సమకూర్చెను. అంకెలతోపాటు వాటిని కొలచిన విధమును సైతము విపులముగా వ్రాసెను. అందుచేత సందేహించినవారు తామే సరిచూచుకొనగలిగిరి. 1845లో ఆయన ప్రయోగశాలలో పనిచేసిన యువకుడు విలియం థామ్సన్, అనగా తరువాతి లార్డు కెల్విన్, 1848లో పరమోష్ణమానమును ప్రతిపాదించుటకు ఈ అంకెలనే ఆధారము చేసికొనెను.

1854లో రెగ్నాల్టు సెవ్ర్ పింగాణీ కర్మాగారమునకు అధిపతి యయ్యెను. 1856లో క్రిందపడి తీవ్రముగా గాయపడియు పని మానలేదు. కాని 1870లో ఫ్రాన్సునకు, ప్రష్యాకు యుద్ధము వచ్చెను. సెవ్ర్ ప్రయోగశాల శత్రుసైనికుల పాలయ్యెను. పరికరములు ధ్వంసమయ్యెను, వాయువుల వ్యాకోచముపై ఆయన కడపటి పరిశోధనల లెక్కలన్నియు నశించెను. 1871 జనవరి 19న చిత్రకారుడైన కుమారుడు హెన్రీ యుద్ధరంగమున నేలకొరిగెను. ఈ రెండు దెబ్బలనుండి ఆయన కోలుకొనలేదు. సరిగా ఏడు సంవత్సరములకు, 1878లో, ఆ జనవరి 19వ తేదీననే కన్నుమూసెను.

ప్రయోగశాలలో వ్రాతప్రతులుగా నున్నవి నశించెను. అచ్చుపడి దేశదేశముల గ్రంథాలయములకు చేరినవి నిలిచెను. అర్ధశతాబ్దమునకు పైగా ఇంజనీర్లు వానిపై ఆధారపడిరి. 1929లో లండనున నానాదేశముల వారు కూడి ఆవిరి పట్టికలను సమన్వయింప బూనినను, ఆ మార్గమును మునుముందు చదును చేసినవాడు రెగ్నాల్టే. కన్నకొడుకును, కడపటి కృషిని హరించిన యుద్ధము, గ్రంథాలయపు బీరువాలోని ఆయన సత్యమును మాత్రము తాకలేకపోయెను.